బెజవాడలో ఉమ్మడి బంగళా: పంచుకోవాలా, అమ్మాలా, నిలబెట్టాలా?

ఏలూరురోడ్డు_లోగిలి

అందరికీ నమస్కారం. గవర్నరుపేట దాటి సూర్యారావుపేట వైపు వెళ్తుంటే ఏలూరు రోడ్డుకి కాస్త లోపలగా మా కుటుంబానికి ఒక పాత బంగళా ఉంది. మా ముత్తాత గారికి డెల్టాలో చిన్న ఎస్టేటు ఉండేది. పిల్లల చదువులకీ మద్రాసు ప్రయాణాలకీ అనువుగా ఉంటుందని 1920ల్లో ఈ ఇల్లు కట్టించారు. ముందు పెద్ద వరండా, పక్కన కచేరీ సావిడి, లోపల మండువా, వెనక వంటిళ్లు, బావి, గుర్రపుశాల. ఆ వెనక మామిడితోట ఉండేదట. నేను పుట్టేసరికే తోట లేదు. 1976లో పట్టణ భూపరిమితి చట్టం వచ్చినప్పుడు ఖాళీ స్థలం పోతుందేమోనన్న భయంతో తాతగారు దాన్ని ముక్కలు చేసి అమ్మేశారు. గుర్రపుశాలలో ఇప్పుడు టైర్ల షాపు నడుస్తోంది. ముందు భాగం చాలా ఏళ్లు నర్సింగ్ హోమ్‌కి అద్దెకిచ్చారు. వాళ్లు ఖాళీ చేశాక ఇల్లు మూతబడింది.

తాతగారికి ముగ్గురు కొడుకులు, ఒక కూతురు. పెదనాన్న గారికి ఎనభై దాటాయి. మా నాన్నగారు లేరు. బాబాయి పిల్లలు అమెరికాలో ఉన్నారు. మేనత్త గుంటూరులో ఉంటారు. ఇప్పుడొక బిల్డరు వచ్చి మొత్తం కూల్చి అపార్ట్‌మెంటు కడతాననీ, సగం మనకిస్తాననీ అంటున్నాడు. బాబాయి పిల్లలకి ఇష్టమే. పెదనాన్న గారు మాత్రం నోరు విప్పరు. నాకైతే ఆ ఇల్లు పోవడం ఇష్టం లేదు. కానీ ఇష్టం లేదన్న మాట ఒక్కటే పట్టుకుని మిగతా ముగ్గురు వాటాదారులకీ అడ్డం పడటం కూడా సరికాదనిపిస్తోంది.

ఇలాంటి ఇళ్ల సంగతి తెలిసినవాళ్లు చెప్పండి. కాగితాలు ఎలా చూసుకోవాలి? ఇల్లు బాగుచేయడం అయ్యే పనేనా? కొంత నిలబెట్టి కొంత కట్టుకునే దారి ఏమన్నా ఉందా?

వన్‌టౌన్_వాసి

ముందు ఫోటోలు తీయించండి. గదులు, తలుపులు, దూలాలు, నేల గచ్చు, పైకప్పు అడుగుభాగం, అన్నీ. మా వీధిలో ఒక రెండతస్తుల మేడని పండగ సెలవుల్లో పడగొట్టారు. దానికి ఒక్క మంచి ఫోటో కూడా ఎవరి దగ్గరా లేదు.

పాత_దస్తావేజు

నేను దస్తావేజు లేఖరిగా చాలాకాలం పనిచేశాను. లోగిలి గారూ, బిల్డరుతో మాట్లాడే ముందు కాగితాల పని మొత్తం ముగించండి. కాగితాలు తేలకుండా వేసిన ప్రతి అడుగూ తరవాత మెడకు చుట్టుకుంటుంది.

ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లన్నీ చూపే ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) కంప్యూటర్లో 1983 నుంచే వస్తుంది. మీ ఇల్లు అంతకు అరవై ఏళ్ల ముందుది కాబట్టి సబ్ రిజిస్ట్రారు ఆఫీసులో పాత పుస్తకాలు చేత్తో వెతికించాలి. స్థలం ముత్తాత గారు ఎవరి దగ్గర కొన్నారో ఆ మూల దస్తావేజు, తోట అమ్మినప్పటి దస్తావేజులు అన్నీ తీయండి. తోట అమ్మకాల్లో రాసిన హద్దులు చాలా ముఖ్యం. ‘ఉత్తరం: మా బంగళా ప్రహరీ’ అని రాశారా, ‘మా ఖాళీ స్థలం’ అని రాశారా అన్నదాన్ని బట్టి ఇవాళ మీ కొలత మారిపోతుంది. టౌన్ సర్వే రికార్డుతో కూడా సరిచూడండి.

ఎస్టేటు రద్దు గురించి చాలామంది అడుగుతుంటారు కాబట్టి అదీ చెప్తాను. మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం 1948లో వచ్చింది. దానితో పోయింది శిస్తు వసూలు చేసే హక్కు, గ్రామాల మీద ఉన్న పెత్తనం. సొంత కమతంలోని భూములకు విడిగా పట్టా అడిగే వీలుండేది. సొంత భవనాలు యజమానికే మిగిలాయి. మీ బంగళా ఎస్టేటు గ్రామంలో కాకుండా బెజవాడలో కొన్న స్థలంలో ఉంది కాబట్టి ఆ చట్టంతో దానికి పని లేదు. ‘ఇది ఎస్టేటు ఆస్తి, గవర్నమెంటుది’ అని ఎవరన్నా భయపెడితే పట్టించుకోవద్దు.

పట్టణ భూపరిమితి సంగతి వేరు. తమకెంత ఖాళీ స్థలం ఉందో చెప్తూ తాతగారు అప్పట్లో డిక్లరేషను వేశారేమో చూడండి. వేసి ఉంటే, కొంత స్థలం పరిమితికి మించిన మిగులు అని తేల్చారా, తేలిస్తే గవర్నమెంటు దాన్ని నిజంగా స్వాధీనం చేసుకుందా అన్నది కనుక్కోవాలి. మన రాష్ట్రం 2008లో ఆ చట్టం రద్దును అమల్లోకి తెచ్చింది. అప్పటికి స్వాధీనం చేసుకోని స్థలాల మీద కేసులు ఆగిపోయాయి. స్వాధీనం అయినవి మాత్రం పోయినట్టే. ఈ ఒక్క కాగితం దొరక్క ఆగిపోయిన లావాదేవీలు చాలా చూశాను.

ఇంకో మాట. పాత లెక్కల్లో ఏళ్లు ఫసలీల్లో, అంటే శిస్తు లెక్కల సంవత్సరాల్లో ఉంటాయి. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది, జూలైతో మొదలవుతుంది. ఫసలీ 1359 అంటే 1949 జూలై నుంచి 1950 జూన్ దాకా. ఇది తెలియక కాగితాలు తారుమారు చేసుకుంటారు.

బ్రాడీపేట_పాతలైను

మాది గుంటూరు. లోగిలి గారి పోస్టు చదివితే నాకు అమరావతి గుర్తొచ్చింది. రాజావాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారి ఎస్టేటు ఒకప్పుడు కృష్ణకు రెండువైపులా ఉండేది. చింతపల్లి వదిలి పద్దెనిమిదో శతాబ్దం చివర్లో అమరావతిని తన రాజధానిగా కట్టుకున్నాడు. ఆ కట్టుబడి కోసం దీపాలదిన్నె తవ్వితేనే బౌద్ధ స్తూపం రాళ్లు బయటపడ్డాయి. ఆ సంగతి విని ఈస్టిండియా కంపెనీ సర్వే అధికారి కాలిన్ మెకంజీ చూడటానికి వచ్చాడు. అంత ఎస్టేటు ఆయన పోయాక ఏమైంది? దత్తపుత్రులు జగన్నాథబాబు, రామనాథబాబు వారసత్వం కోసం కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యం అప్పటి చివరి అప్పీలు కోర్టు, లండన్‌లోని ప్రీవీ కౌన్సిల్ దాకా వెళ్లింది. ఈలోగా 1832-33లో డొక్కల కరువు వచ్చి గుంటూరు సీమ నాశనమైంది. జమీందార్లు కంపెనీకి కట్టాల్సిన పేష్కష్ బకాయిలు కొండలా పేరుకున్నాయి. 1840ల్లో సర్కారు పంపిన వాల్టర్ ఇలియట్ విచారణ చేశాక గుంటూరు జమీందారీలన్నీ దాదాపు కంపెనీ చేతిలోకి వెళ్లిపోయాయి.

కరువు, కంపెనీ రెండూ దెబ్బ కొట్టిన మాట నిజమే. కానీ అన్నదమ్ములు ఒక్కమాట మీద ఉండి ఉంటే కొంతయినా నిలబడేదని నా నమ్మకం. అందుకే మీకు చెప్పేదేమిటంటే, ఇల్లు ఉంచుతారా తీస్తారా అన్నది తరవాత చూసుకోవచ్చు. పెదనాన్న గారు ఉండగానే పంపకాలు రాయించుకోండి.

దివి_రైతుబిడ్డ

బ్రాడీపేట గారూ, మీరు చెప్పిన చరిత్రలో రైతు ఎక్కడా కనబడలేదు. ఎస్టేటు ఎందుకు పోయిందంటే అన్నదమ్ముల కొట్లాటలే చెప్తారు. జమీందార్లు కట్టాల్సిన పేష్కష్‌ని ఖాయం చేసిన 1802 శాశ్వత సెటిల్‌మెంటు దగ్గర్నుంచి పంట పండినా ఎండినా శిస్తు కట్టింది మా వాళ్లు. 1908 ఎస్టేటు భూముల చట్టం వచ్చాక కాస్త హక్కు కాగితం మీద కనబడింది. అది కూడా కచేరీకి వెళ్లి అడిగే ధైర్యం ఉన్నవాడికే. 1937-38లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతులు కాలినడకన వెళ్లింది దీనికోసమే. ప్రకాశం పంతులు గారు రెవెన్యూ మంత్రిగా జమీందారీ విచారణ కమిటీ నడిపింది దీనికోసమే. చల్లపల్లి జమీనులో 1940ల్లో జరిగిన భూపోరాటం గురించి మా ఇంట్లో పెద్దవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆ ఎస్టేటుది కూడా బెజవాడలో బంగళా. ఇవాళ ఏలూరు రోడ్డు మీద చల్లపల్లి బంగళా అంటే బస్టాపు.

లోగిలి గారూ, మీ మీద నాకే కోపమూ లేదు. ఆ ఇల్లు పడగొట్టమని కూడా అనను. కానీ కచేరీ సావిడిని అందమైన గది అని ఫోటోలు పెట్టేటప్పుడు, ఆ సావిడి ముందు శిస్తు తగ్గించమని ఎండలో నిలబడ్డవాళ్ల సంగతి కూడా రాయండి. మీ ఇంట్లో పాత లెక్కల పుస్తకాలు ఉంటే దయచేసి పారేయకండి. శిస్తు చిట్టాలు, బాకీ జాబితాలు, రైతులు పెట్టుకున్న అర్జీలు, వాటిల్లో మా తాతముత్తాతల పేర్లు ఉంటాయి. మాకు వేరే ఎక్కడా దొరకవు.

ఏలూరురోడ్డు_లోగిలి

రైతుబిడ్డ గారూ, మీ మాట నన్ను ఆపేసింది. అటక మీద రెండు ఇనప్పెట్టెల నిండా కాగితాలున్నాయి. ఎర్రగుడ్డలో కట్టిన పుస్తకాలు ఉన్నాయని పెదనాన్న గారు చెప్తుండేవారు. నర్సింగ్ హోమ్ వాళ్లు ఉన్నప్పుడు ఆ అటక తాళం తీయలేదు. చెదలు పట్టకపోతే అవి బయటికి తీసి మీకు చూపించే బాధ్యత నాది.

బ్రాడీపేట_పాతలైను

రైతుబిడ్డ గారు చెప్పింది న్యాయం. ఇలియట్ విచారణలో కూడా రైతుల దుస్థితి పెద్ద అంశమే, నేను దాన్ని చెప్పి ఉండాల్సింది. అయినా నా సలహా మారదు. కాగితాలు దొరకాలన్నా ఇల్లు చేతిలో ఉండాలి కదా.

సత్యనారాయణపురం_కోడలు

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లలో ఎవరూ మేనత్త గారి సంగతి అడగలేదు. ‘ముగ్గురు కొడుకులు, ఒక కూతురు’ అని మొదట్లోనే రాశారు. మరి ఆవిడని అడిగారా? ఆవిడకి ఇల్లు నిలబడటం కావాలా, డబ్బు అవసరం ఉందా, అసలు ఆవిడ వాటా ఎంత అనుకుంటున్నారు?

ఇంకొకటి. పాత ఇల్లు అపురూపం అని అందరూ అంటారు. నేను అలాంటి ఇంటికి కోడలిగా వెళ్లాను. వాన పడితే మండువాలో నీళ్లు ఎత్తిపోసేది ఎవరు? ఎత్తైన కప్పుకి బూజులు దులిపేది ఎవరు? వంటిల్లు ఒకచోట, భోజనాల గది ఒకచోట, రోజుకి ఎన్నిసార్లు ఆ నడవ దాటాలి? కీళ్ల నొప్పులున్న అత్తగారికి రాత్రిపూట పెరట్లోని బాత్‌రూమ్‌కి వెళ్లడం ఎంత టెన్షనో చూసినదాన్ని. ఆ ఇంటిని నిలబెట్టాలంటే ముందు అందులో మనుషులు సుఖంగా బతికేలా మార్చాలి. అలా మార్చడానికి డబ్బు, మనిషి, ఓపిక ఎవరు పెడతారో తేల్చుకోండి. లేకపోతే ఆ ఇల్లు ఒక ఆడమనిషి నడుం మీద నిలబడుతుంది.

గుంటూరు_వకీలు

సత్యనారాయణపురం మేడమ్ గారు అడిగిన ప్రశ్న దగ్గరే చాలా పార్టిషన్ (పంపకాల) దావాలు మొదలవుతాయి. చట్టం ఎక్కడుందో చెప్తాను.

మన రాష్ట్రంలో 1985లోనే ఎన్టీ రామారావు గారి ప్రభుత్వం ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకు సమాన హక్కు ఇచ్చింది. కానీ 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లయిపోయిన కూతుళ్లకు అది వర్తించలేదు. ఆ తరవాత కేంద్ర చట్ట సవరణ 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చింది. దానితో పెళ్లి ఎప్పుడయిందన్న తేడా పోయింది. తండ్రి ఆ తేదీకి బతికి ఉండాలా వద్దా అన్న చిక్కుని 2020లో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. హక్కు పుట్టుకతో వస్తుంది కాబట్టి తండ్రి బతికి ఉండనవసరం లేదని చెప్పింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు దస్తావేజుతో గానీ కోర్టు డిక్రీతో గానీ పంపకాలు అయిపోయి ఉంటే వాటిని కదపలేరు. ‘మేము నోటిమాటతో ఎప్పుడో పంచుకున్నాం’ అంటే కోర్టు అంత తేలిగ్గా ఒప్పుకోదు. కాబట్టి లోగిలి గారూ, ఇది ఉమ్మడి కుటుంబ ఆస్తి అయి, ఇంతవరకు పంపకం జరగకపోతే, మీ మేనత్త గారి వాటా అన్నదమ్ములతో సమానం. తాతగారు వీలునామా రాశారేమో కూడా కనుక్కోండి. రాస్తే లెక్క వేరుగా ఉంటుంది.

కొన్ని పెద్ద జమీందారీల్లో పెద్దకొడుకుకే ఎస్టేటు పోయే ఆచారం ఉండేది. 1904లో మద్రాసు ప్రభుత్వం విభజన కాని ఎస్టేట్ల చట్టం కూడా తెచ్చింది. మీది చిన్న ఎస్టేటు అంటున్నారు కాబట్టి మామూలు ఉమ్మడి ఆస్తిలాగే చూడాల్సి రావచ్చు. అయినా పాత కాగితాల్లో ఆ సంగతి వెతకండి.

ఇంటి విషయంలో మీకు ఉపయోగపడే పాత చట్టం ఒకటుంది, 1893 నాటి పార్టిషన్ చట్టం. ఇల్లు ముక్కలుగా కోయడం కుదరదని కోర్టు అనుకుంటే, సగం లేదా అంతకంటే ఎక్కువ వాటా ఉన్నవాళ్లు అమ్మమని అడగొచ్చు. అప్పుడు మిగతా వాటాదారు విలువ కట్టించి ఆ వాటా తానే కొంటాననొచ్చు. ఇక వాటాదారుల్లో ఒకరు తన వాటాని బయటివాడికి అమ్మేసి, ఆ బయటివాడు పంపకానికి దావా వేస్తే, కుటుంబంలోని వాటాదారు ఆ వాటాని కోర్టు కట్టిన విలువకి కొనుక్కునే హక్కు నాలుగో సెక్షన్ ఇస్తుంది. నివాసగృహం కాబట్టి ఆ రక్షణ. బయటివాళ్లు ఒక్క వాటా కొని ఇంట్లో జొరబడటం చూశాం, అందుకే చెప్తున్నా.

కోర్టుకి వెళ్తే ముందు ఎవరి వాటా ఎంతో తేల్చే ప్రిలిమినరీ డిక్రీ, తరవాత కమిషనరు కొలతలు, ఆపైన ఫైనల్ డిక్రీ. ఈ మధ్యలో ఇంటికి సున్నం వేసేవాడు కూడా ఉండడు. కేసు తేలేసరికి కప్పు కూలిపోయిన ఇళ్లు గుంటూరు పాతబస్తీలో నాకు తెలిసినవే ఉన్నాయి. నలుగురూ కూర్చుని రిజిస్టరు పంపకాల దస్తావేజు రాసుకుంటే అమ్మకం కన్నా స్టాంపు ఖర్చు చాలా తక్కువ. అమెరికాలో ఉన్నవాళ్లు అక్కడి కాన్సులేటులో పవర్ ఆఫ్ అటార్నీ చేయించి పంపొచ్చు.

సున్నపు_గచ్చు

నేను పాత సున్నపు కట్టుబడి ఇళ్లు బాగుచేసే ఇంజినీరుని. ఇల్లు చూడకుండా ఖాయంగా చెప్పలేను గానీ 1920ల బెజవాడ బంగళా అంటే మీది మద్రాసు మేడ కప్పు అయి ఉంటుంది. కింద టేకు దూలాలు, వాటి మీద పల్చటి చిన్న ఇటుకల్ని ఏటవాలుగా, అంచుమీద నిలబెట్టి సున్నంతో పేరుస్తారు. దానిమీద ఇటుకముక్కల సున్నపు కాంక్రీటు వేసి కొయ్యలతో రోజుల తరబడి దిమ్మిస కొడతారు. పైన పల్చటి పెంకు బిళ్లలు. సున్నం గానుగలో నూరి, బెల్లం నీళ్లు, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలుపుతారు. రోహిణి కార్తె ఎండల్లో కూడా లోపల చల్లగా ఉండటానికి మందపాటి గోడలు, ఎత్తైన కప్పు, ఈ సున్నమే కారణం.

ఇలాంటి ఇళ్లు వయసు మీదపడి పాడయ్యేది తక్కువ. మనం చేసే రిపేర్లతో పాడయ్యేదే ఎక్కువ. కప్పు కారుతోందని పైన సిమెంటు కాంక్రీటు వేస్తారు. ఆ బరువుకి దూలాలు వంగుతాయి. సిమెంటు బీటలిచ్చి అందులోంచి దిగిన నీళ్లు బయటికి పోలేక దూలం మీదే నిలుస్తాయి. గోడలకి సిమెంటు పూత, ఆయిల్ పెయింటు వేస్తే లోపలి తేమ బయటికి రాలేక ఉప్పు పేరుతుంది, పెచ్చులు ఊడతాయి. నర్సింగ్ హోమ్ నడిచిన ఇల్లు అంటున్నారు కాబట్టి గోడలకి టైల్స్ వేసి ఉంటారు, బాత్‌రూమ్‌ల కోసం కొత్త పైపులు గోడల్లో దూర్చి ఉంటారు. అసలు దెబ్బ అక్కడే తగిలి ఉండొచ్చు.

మీరు చూడాల్సినవి: దూలం గోడలోకి దిగే కొన దగ్గర స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. మెత్తగా దిగితే అక్కడ చెదలో కుళ్లో ఉంది. మధ్యలో దూలం బాగున్నా కొనలు పోవడం మామూలు. పాడైన కొన మాత్రం కోసి కొత్త టేకు అతుకు వేయొచ్చు, లేదా పక్కన ఇనుప ఆధారం ఇవ్వొచ్చు. కప్పు మీద, పిట్టగోడ సందుల్లో రావి మొక్కలు ఉన్నాయేమో చూడండి. పీకితే వేరు లోపలే ఉండి మళ్లీ మొలుస్తుంది. వేరు దగ్గర చంపాకే తీయాలి. వాన నీరు పోయే గొట్టాలు శుభ్రం చేయించండి. ఈ మూడు పనులకి పెద్ద ఖర్చు కాదు. ఇల్లు ఇంకో పదేళ్లు నిలబడటానికి ఇవే పునాది.

ఇంకా ముఖ్యమైనది కొలతల డ్రాయింగు. ప్రతి గది, తలుపు, గోడ మందం కొలిచి ప్లాను గీయించండి. ఉంచినా తీసినా అది మిగులుతుంది.

పటమట_కట్టుబడి

నేను బిల్డరునే. మా పేరు చెప్తే చాలామందికి కోపం వస్తుందని తెలుసు, అయినా లెక్క చెప్పాలి. 2014లో రాష్ట్రం విడిపోయి, పక్కనే అమరావతిలో ముప్ఫై మూడు వేల ఎకరాల దాకా ల్యాండ్ పూలింగు జరిగి, సెక్రటేరియట్ వాళ్లంతా ఇటు వచ్చేసరికి బెజవాడలో అద్దెలూ స్థలాల రేట్లూ ఎక్కడికో వెళ్లిపోయాయి. గవర్నరుపేట, సూర్యారావుపేట లాంటి చోట ఒక్క గజం విలువ చూస్తే ఏ వాటాదారు మనసయినా కదులుతుంది. అది దురాశ అనడం అన్యాయం. పిల్లల చదువులు, వైద్యం, అప్పులు ఎవరి అవసరాలు వాళ్లకుంటాయి.

కానీ మీ బిల్డరు చెప్పిన ‘మొత్తం కూల్చి సగం సగం’ ఒక్కటే దారి కాదు. ఎంత ఎత్తు లేపొచ్చు అన్నది మీ ముందు రోడ్డు వెడల్పు మీద, చుట్టూ వదలాల్సిన స్థలం మీద ఆధారపడుతుంది. లోపలి సందులో ఉన్న స్థలంలో బిల్డరు చెప్పినన్ని ఫ్లాట్లు ప్లానులో రాకపోవచ్చు. మీరే ఒక లైసెన్స్‌డ్ ఇంజినీరుతో విడిగా లెక్క వేయించండి. వెనక వంటిళ్లు, గుర్రపుశాల భాగం ఖాళీ చేసి అక్కడ కట్టి, ముందు బంగళా నిలబెట్టడం నా అనుభవంలో అయ్యే పని. దానికి వెనక్కి వెళ్లే దారి వెడల్పు సరిపోవాలి.

డెవలప్‌మెంట్ అగ్రిమెంటు జీపీఏతో (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) కలిపి రిజిస్టరు చేశాక దాన్ని వెనక్కి తీసుకోవడం చాలా కష్టం. గడువు, ఆలస్యానికి అద్దె, ఏ ఫ్లాటు ఎవరిది, రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషను, అన్నీ ముందే రాసుకోండి. క్యాపిటల్ గెయిన్స్ పన్ను గురించి కూడా ఆడిటరుని అడగండి. ఇలాంటి ఒప్పందాల్లో వ్యక్తులకీ ఉమ్మడి కుటుంబాలకీ మామూలుగా కంప్లీషన్ సర్టిఫికెటు వచ్చిన ఏడాదిలో పన్ను పడుతుంది. ఆ లోపు తమ వాటా అమ్మేస్తే లెక్క మారుతుంది. అమెరికాలో ఉన్నవాళ్లకి అక్కడి పన్ను కూడా ఉంటుంది.

దివి_రైతుబిడ్డ

పటమట గారూ, ముందు భాగం ఉంచి వెనక కట్టొచ్చని బిల్డరు నోట వినడం సంతోషం. ఇది అందరూ చెప్పరు.

వన్‌టౌన్_వాసి

ఉంచిన ఇంటితో ఏం చేస్తారన్నది కూడా ఆలోచించండి. 1887 నాటి విక్టోరియా జూబిలీ మ్యూజియం ఇవాళ బాపూ మ్యూజియంగా నిలబడి ఉంది. 1921లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ బెజవాడలో కూడినప్పుడు పింగళి వెంకయ్య గారు గాంధీ గారికి జెండా ఇచ్చిన కథ ఆ మ్యూజియంతో ముడిపడి ఉంది. సూర్యారావుపేటలోని పాత ఇరిగేషన్ భవనం 2019లో రాజ్‌భవన్ అయింది. ఇవి నిలబడ్డాయంటే వెనక ప్రభుత్వం ఉంది. సొంత ఇల్లు నిలబడాలంటే దాని ఖర్చు అది సంపాదించుకోవాలి. మీ కచేరీ సావిడి, వరండా కలిపి డాక్టర్ల క్లినిక్‌కో, డ్యాన్సు క్లాసుకో, చిన్న ఆఫీసుకో అద్దెకివ్వండి. గోడలు పగలగొట్టకూడదు, సిమెంటు పూత వేయకూడదు అని అద్దె ఒప్పందంలోనే రాయండి. నర్సింగ్ హోమ్‌కి ఇచ్చినప్పుడు ఆ మాట రాసి ఉంటే ఇవాళ సున్నపు గచ్చు గారు భయపడాల్సిన పని ఉండేది కాదు.

సత్యనారాయణపురం_కోడలు

అద్దె డబ్బు ఎవరి చేతికి వస్తుందో, రిపేర్లకి ఎంత పక్కన పెడతారో కూడా ముందే రాసుకోండి. ఊళ్లో ఉన్న ఒక్కరి నెత్తిన పెట్టి మిగతావాళ్లు వాటా అడగడం జరుగుతుంది.

ఏలూరురోడ్డు_లోగిలి

మీ అందరికీ కృతజ్ఞతలు. ఈ చర్చ ప్రింటు తీసి పెదనాన్న గారి దగ్గరికి వెళ్లాం. మేనత్తని కూడా గుంటూరు నుంచి రమ్మన్నాం, బాబాయి పిల్లలు వీడియోలో ఉన్నారు. జరిగింది చెప్తాను.

మేనత్తే మొదట మాట్లాడారు. ‘నన్ను ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదు, అడిగితే చెప్పేదాన్ని’ అన్నారు. ఆవిడకి డబ్బు అవసరం ఉంది, మోకాలి ఆపరేషను చేయించుకోవాలి. అయినా ముందు భాగం కూల్చడం ఆవిడకి ఇష్టం లేదు. బాబాయి పిల్లలు పటమట గారి లెక్క చదివాక బిల్డరు ఇస్తానన్న ఫ్లాట్ల సంఖ్య మీద అనుమానపడ్డారు. వాళ్లు సొంత ఇంజినీరుతో లెక్క వేయించారు. మా సందు వెడల్పుకి బిల్డరు చెప్పినన్ని అంతస్తులు రావట.

పెదనాన్న గారు చాలాసేపు విన్నారు. తోట అమ్మేటప్పుడు తాతగారు సంతకం పెట్టి లేచి రెండు రోజులు అన్నం తినలేదని అప్పుడు చెప్పారు. ఇంత వయసులో నాకు ఆ మాట మొదటిసారి తెలిసింది. డిక్లరేషను కాపీ, తోట దస్తావేజులు ఆయన పెట్టెలోనే ఉన్నాయి. స్థలంలో మిగులు తేల్చలేదని ఆ కాగితాల్లో ఉంది. వకీలు గారు చెప్పినట్టు నాలుగు సమాన వాటాలుగా రాసుకోవడానికి అందరం ఒప్పుకున్నాం. వీలునామా లేదు.

ముందు వరండా, సావిడి, మండువా ఉంచుతాం. వెనక భాగంలో కట్టడానికి మరో ఇద్దరు బిల్డర్లని అడుగుతున్నాం. మేనత్తకి ముందుగా కావలసిన డబ్బు మేము ముగ్గురం కలిసి ఇస్తాం, తరవాత ఆవిడ వాటాలో సరిచేసుకుంటాం. అటక మీది పెట్టెలు దింపాం. ఒక పెట్టెలో సగం చెదలు తిన్నాయి. రెండో దాంట్లో శిస్తు చిట్టాలు చదవగలిగేలా ఉన్నాయి. రైతుబిడ్డ గారూ, మీకు మెసేజ్ పెట్టాను.

దివి_రైతుబిడ్డ

చూశాను. వచ్చే వారం మా ఊరి ఇద్దరు పెద్దవాళ్లతో వస్తాం. వాళ్లకి పాత గొలుసుకట్టు రాత చదవడం వచ్చు. పుస్తకాలు విప్పేముందు ఎండలో పెట్టొద్దు, పేజీలు విడిపోతాయి. నీడలో గాలికి ఉంచండి. పట్టుకునేటప్పుడు మాస్కు పెట్టుకోండి, చెదలు మందు వాసన ఉండొచ్చు.

సున్నపు_గచ్చు

వానలు మొదలయ్యేలోగా కప్పు మీద నీటి గొట్టాలు, రావి మొక్కలు ఈ రెండూ చూసేయండి. పంపకాల పని సాగేదాకా అవి ఆగవు. వెనక పునాదులు తవ్వేటప్పుడు ముందు గోడలకి మరీ దగ్గరగా జేసీబీ దించనివ్వకండి. పాత పునాదులు రాయి, సున్నంతో ఉంటాయి, లోతు తక్కువ. కొత్త గుంట లోతుగా తవ్వితే పాత గోడ కిందనుంచి మట్టి జారుతుంది. ఎంత దూరం వదలాలో మీ ఇంజినీరుతో డ్రాయింగు మీదే గీయించి బిల్డరు ఒప్పందంలో కలపండి.

పాత_దస్తావేజు

దస్తావేజు రాసేటప్పుడు కొలతల ప్లాను జతచేసి దానిమీద కూడా నలుగురి సంతకాలూ పెట్టించండి. ముందు భాగం ఉమ్మడిగానే ఉంచుతున్నారు కాబట్టి వెనక్కి వెళ్లే దారి వెడల్పు, బావి ఎవరెవరు వాడుకోవచ్చు, కరెంటు మీటరు ఎవరి పేరున, ఇంటిపన్ను ఎవరు కడతారు, ముందు భాగంలో తన వాటా అమ్మాలనుకున్నవాళ్లు ముందుగా మిగతా ముగ్గురికే చెప్పాలన్న షరతు, ఇవన్నీ రాయించండి. టైర్ల షాపు అద్దెదారుకి ఖాళీ చేయమని నోటీసు కూడా నలుగురి పేరునా వెళ్లాలి. ఒక్కరి పేరున ఇస్తే అతను అదే పట్టుకుని కోర్టుకి వెళ్తాడు.